పారేసిన టీవీ, పాత కంప్యూటరు, కాలిన స్టార్టరు: దేన్ని బాగుచేయాలి, దేన్ని విప్పాలి, దేన్ని తూకానికి వేయాలి

2009 అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర, హంద్రి రెండూ పొంగి కర్నూలును ముంచాయి. నీళ్లు తీశాక పాత ఊరి సందుల్లో ఏ ఇంటి ముందు చూసినా బురదపట్టిన టీవీ, మిక్సీ, రేడియో బయట పడి ఉండేవి. పాత సామాన్ల బండ్లవాళ్లు కిలోల లెక్కన ఎత్తుకుపోతున్నారు. మా నాయన టీవీ మెకానిక్కు. ఆయన ఒక్కో సెట్టు విప్పి, బోర్డు బయటికి తీసి, మంచినీళ్లతో కడిగించి, మెత్తటి బ్రష్షుతో ఒండ్రు పోగొట్టించి, మిద్దె మీద వరసగా ఆరబెట్టించాడు. పిక్చరు ట్యూబుకు వేల ఓల్టులు పంపే ఎల్ఓటీ లోపలి తడి అంత తొందరగా ఆరదు, వారం ఆగమన్నాడు. నేను ఆగలేక మూడో రోజే రెండు సెట్లకు ప్లగ్గు పెట్టాను, రెండూ కాలిపోయాయి. వారం ఆరినవాటిలో సగానికి పైగా మళ్లీ బొమ్మ చూపించాయి.

ఆ మిద్దె మీద నేర్చుకున్న వరసే ఇప్పటికీ నా వ్యాపారం. ఏ వస్తువు చేతికొచ్చినా ముందు వస్తువుగానే అమ్ముడుపోతుందా అని చూడాలి. కాకపోతే విడిభాగాలుగా. ఆ రెండూ కుదరనప్పుడే లోహంగా. గుజిరీ అంగళ్లలో ఎక్కువ మంది ఈ వరసను తిరగేస్తారు. సుత్తితో పగలగొట్టి రాగి లాగేశాక ఆ బోర్డు ఎంత పలికేదో ఎవరికీ తెలియదు.

సరుకు ఎక్కడ దొరుకుతుంది

దసరాకు ముందు ఇళ్లు దులిపేటప్పుడు, సంక్రాంతికి ముందు, మళ్లీ ఉగాదికి అటకలు ఖాళీ అవుతాయి. భోగి మంటలో పాత రిమోట్లు, ప్లాస్టిక్ డబ్బాలు కూడా వేసేవాళ్లున్నారు. భోగికి వారం ముందే మీ వీధిలో ఒక మాట వేసి ఉంచండి, ఆ పొగా తప్పుతుంది, సరుకూ మీకొస్తుంది.

ఇళ్లకంటే మంచి చోటు రిపేరు అంగళ్ల అటకలు. బాగుచేయమని ఇచ్చి తిరిగి రాని సెట్లు ఏళ్ల తరబడి అక్కడ పడి ఉంటాయి. ఆ మెకానిక్కు సగం పని ముందే చేసి ఉంటాడు, జబ్బేమిటో చెప్పగలడు కూడా. పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు వైపు బోరు మోటార్లకు వైండింగ్ చేసే అంగళ్లు మరో చోటు. అక్కడి స్టార్టర్ల సంగతి కింద విడిగా రాస్తాను.

కొనేటప్పుడు అమ్మినవాళ్ల పేరు, ఫోను నంబరు పుస్తకంలో రాసుకోండి, వస్తువుకు ఒక ఫోటో తీయండి. మన పల్లెల్లో చేల దగ్గర మోటార్లు, కేబుళ్లు పోవడం అందరికీ తెలిసిందే. పైతొడుగు కాల్చేసిన నల్లటి రాగి తీగను ఎవరైనా రాత్రిపూట తక్కువ ధరకు తెచ్చారంటే దాని వెనక ఒక రైతు ఎండిన చేను ఉండొచ్చు, ముట్టుకోకండి. దొంగ సొత్తని తెలిసి కొనడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను కింద నేరం. ఫోను అయితే *#06# కొట్టి ఆ ఒక్క ఫోనుకే ఉండే ఐఎంఈఐ నంబరు చూడండి. ఇంగ్లీషులో కేవైఎం అని టైపు చేసి, ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కు మెసేజీ పంపితే అది బ్లాకయిన ఫోనో కాదో తెలుస్తుంది. కేంద్ర ప్రభుత్వ పోర్టలు సంచార్ సాథీలో కూడా చూడొచ్చు. నిమిషం పని.

ప్లగ్గు పెట్టే ముందు సిరీస్ బల్బు

పనిముట్లు తక్కువే కావాలి: మంచి మల్టీమీటరు, స్క్రూడ్రైవర్ల సెట్టు, సోల్డరింగ్ ఐరన్, అయస్కాంతం, ఆకురాయి, గ్రాముల్లో తూచే చిన్న కాటా. వీటన్నిటికంటే నేను ఎక్కువ వాడేది సిరీస్ బల్బు. 60 లేదా 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బును ఫేజు తీగకు వరసలో కలిపి ఒక సాకెట్టు బిగించుకుంటే చాలు. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు.

తెలియని టీవీని, కంప్యూటరు పవరు డబ్బా అయిన ఎస్ఎమ్‌పీఎస్‌ను నేరుగా గోడ ప్లగ్గులో పెట్టకుండా ఈ సాకెట్టులో పెట్టండి. బల్బు ఒక్కసారి మెరిసి మందగిస్తే పవరు సెక్షను బాగున్నట్టే. నిండుగా వెలుగుతూ ఉండిపోతే లోపల షార్టు, ముందు ఏసీని డీసీ చేసే బ్రిడ్జి డయోడ్లు, స్విచ్చులా పనిచేసే మాస్ఫెట్ చూడాలి. అసలు వెలగకపోతే దారి ఎక్కడో తెగింది. అది తీగ కావచ్చు, ఫ్యూజు కావచ్చు, స్విచ్చు కావచ్చు. పాడైందని నాకు అమ్మిన సామాన్లలో కేవలం తీగ తెగినవి ఎన్నో ఉన్నాయి.

ప్లగ్గు తీసినా ప్రమాదం పోదు. మన ఇంటి 230 ఓల్టులు డయోడ్లు దాటి పెద్ద కెపాసిటరులో దాదాపు 325 ఓల్టులుగా నిలిచి ఉంటాయి. 10 కిలో-ఓముల, 5 వాట్ల రెసిస్టరును దాని కాళ్ల మధ్య కాసేపు పెట్టి, మీటరుతో సున్నా చూశాకే చెయ్యి పెట్టండి. మైక్రోవేవ్ ఓవెను మాత్రం కొత్తవాళ్లు విప్పవద్దు. దాని కెపాసిటరు రెండు వేల ఓల్టుల పైన పనిచేస్తుంది. వేడిచేసే తరంగాలు పుట్టించే మాగ్నెట్రాన్‌లోని గులాబీరంగు పింగాణీలో బెరీలియం ఉండే అవకాశం ఉంది, అది పగిలి పొడి పీలిస్తే ఊపిరితిత్తులకు హాని. డబ్బా టీవీ ట్యూబుదీ ఇదే సంగతి: లోపల చార్జి నిలిచి ఉంటుంది, గాజులో సీసం ఉంటుంది. దాని మెడ చుట్టూ ఉండే యోక్ కాయిలు రాగి కోసం ట్యూబు మెడ విరగ్గొట్టేవాళ్లను చూస్తే నాకు భయం.

ఎల్ఈడీ టీవీ: టార్చి వేసి చూడండి

"ఏముందన్నా దీంట్లో, పాడైపోయిండాది, తూకానికి వేసుకో" అంటూ తెచ్చే 32 అంగుళాల టీవీల్లో మాట వస్తూ బొమ్మ రానివే ఎక్కువ. గదిలో దీపాలు ఆర్పి, టీవీ ఆన్ చేసి, తెరకు దగ్గరగా ఏటవాలుగా టార్చి వేయండి. లోపల మసకగా బొమ్మ కదులుతుంటే ప్యానెలు, మెయిన్ బోర్డు రెండూ బాగున్నాయి. చచ్చింది వెనక వెలుతురు ఇచ్చే ఎల్ఈడీ పట్టీ. ఆ ఎల్ఈడీలు ఒకదాని వెనక ఒకటి వరసలో ఉంటాయి, ఒక్కటి పోతే తెర మొత్తం నల్లబడుతుంది. పోయిన ఒక్కదాన్నే మార్చి సరిపెట్టకండి, మిగతావీ అంతే వయసువి. పట్టీల సెట్టు మొత్తం మార్చండి. ఇందులో కష్టమైన పని ప్యానెలు గాజును విరగకుండా పైకెత్తడం. ఇద్దరుండాలి, అంచులు పట్టుకోవాలి, దుప్పటి పరిచిన బల్ల మీద బోర్లించాలి. లోపలి తెల్ల షీట్లు ఏ వరసలో ఉన్నాయో ఫోటో తీసి పెట్టుకోండి. పట్టీలు మార్చాక వెలుతురు కాస్త తగ్గించి పెడితే అవి ఎక్కువ కాలం వస్తాయి.

తెర పగిలిన టీవీకి వైద్యం లేదు, కొత్త ప్యానెలు కొత్త టీవీకి దగ్గర ధర. కానీ అందులో మెయిన్ బోర్డు, పవరు బోర్డు, ప్యానెలుకు బొమ్మ అందించే టీ-కాన్ బోర్డు, స్పీకర్లు, రిమోట్ సెన్సరు, స్టాండు అన్నీ బతికే ఉంటాయి. ఇక్కడే కొత్తవాళ్లు పొరపాటు చేస్తారు. టీవీ కంపెనీ పేరు రాసి అమ్మకానికి పెడతారు. బోర్డులు కంపెనీ పేరుతో కలవవు. ఒకే కంపెనీ ఒకే సైజు టీవీలో వేర్వేరు ప్యానెళ్లు, వేర్వేరు బోర్డులు వాడుతుంది. బోర్డు మీద తెల్లగా ముద్రించిన పొడుగాటి నంబరు, ప్యానెలు వెనక స్టిక్కరు మీది నంబరు, రెండూ రాసిపెట్టుకోండి. కడపలో ఉన్న మెకానిక్కు ఆ నంబరు పట్టుకునే వెతుక్కుంటాడు.

కంప్యూటర్లు: ఇప్పుడు బాగా బయటికొస్తున్న సరుకు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు సపోర్టు ఆగిపోయింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ఇంటెల్ అయితే ఇంచుమించు 8వ తరం ప్రాసెసరు నుంచే ఒప్పుకుంటుంది. అందుకే ఆఫీసులు, కోచింగ్ సెంటర్లు 6, 7 తరాల కంప్యూటర్లను వదిలించుకుంటున్నాయి. వాటి ఒంట్లో జబ్బేమీ లేదు. 8 జీబీ ర్యామ్, చిన్న ఎస్ఎస్‌డీ వేసి లినక్స్ ఎక్కిస్తే ఇంటర్ పిల్లాడికి, చిన్న అంగడి లెక్కలకు ఇంకా ఏళ్లు వస్తాయి. కానీ డీటీపీ చేసేవాళ్లకు తెలుగు టైపుకు వాడే అను ఫాంట్ల కోసం విండోసే కావాలి, అది ముందే చెప్పి అమ్మండి. చెప్పకుండా అమ్మితే వారంలో తిరిగొస్తుంది, మాటా పోతుంది.

ఆన్ కాని కంప్యూటరుకు ముందు ర్యామ్ తీసి దాని బంగారు రంగు పళ్లను పెన్సిలు రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టి చూడండి. కర్నూలు దుమ్ముకు ఇది అద్భుతంగా పనిచేస్తుంది. టైము నిలవకపోతే బోర్డు మీది 3 ఓల్టుల బిళ్ల సెల్లు మార్చండి. ర్యామ్‌ను మెమ్‌టెస్ట్86తో, హార్డు డిస్కును క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోతో పరీక్షించి, ఫలితం ఫోటో తీసి కొనేవాళ్లకు పంపితే బేరం సగం తెగినట్టే.

డిస్కులో ఉన్నది మాత్రం అమ్మినవాళ్లది. క్విక్ ఫార్మాట్ చేస్తే ఏదీ పోదు, పేర్ల పట్టిక మాత్రమే పోతుంది, వెతికేవాడికి ఫైళ్లు దొరుకుతాయి. హార్డు డిస్కు అయితే మొదటి నుంచి చివరి దాకా ఒకసారి సున్నాలతో నింపాలి. ఎస్ఎస్‌డీ అయితే డిస్కే తనను తాను మొత్తం చెరుపుకునే సెక్యూర్ ఎరేజ్ చేయాలి. పాడైన డిస్కు అయితే డ్రిల్లుతో పళ్లేల దాకా రంధ్రం చేయండి. నంద్యాల నుంచి వచ్చిన ఒక ల్యాప్‌టాప్‌లో పదేళ్ల ఫోటోలు ఉన్నాయి, ఒక పెద్దాయనవి, చివరివి ఆసుపత్రి మంచం మీద. పుస్తకంలో అమ్మినామె నంబరు ఉంది కాబట్టి ఫోను చేశాను. "అన్నా, అవి పోయాయనుకున్నాం" అని ఆమె ఏడ్చింది. పెన్‌డ్రైవులో వేసి ఇచ్చాకే డిస్కు చెరిపాను. చెరిపే ముందు ఒక్క ఫోను చేయడం అప్పటినుంచి నా పద్ధతి.

ఫోన్ల గురించి తొందరగా చెబుతాను. గూగుల్ ఖాతా తీయకుండా రీసెట్ చేసిన ఫోను తాళం పడిపోతుంది, కాబట్టి కొనేటప్పుడే యజమాని చేత ఖాతా తీయించండి. చార్జింగ్ ఎక్కదని ఇచ్చే ఫోన్లలో సాకెట్టులో జేబు నూగు అడ్డుపడ్డవి చాలా. ఫోను ఆపి, పుల్లతో మెల్లగా తీయండి, సూది వద్దు. బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిన ఫోనును నొక్కకండి, పొడవకండి, చార్జి పెట్టకండి, ఇసుక పోసిన డబ్బాలో ఆరుబయట ఉంచండి.

ల్యాప్‌టాప్ బ్యాటరీ లోపలి సెల్లులు

పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ డబ్బా విప్పితే 18650 అనే గుండ్రటి లిథియం సెల్లులు ఉంటాయి, సాధారణంగా ఆరు. బ్యాటరీ పోయిందంటే ఆరూ పోయినట్టు కాదు, ఒక జత చస్తే చాలు, మొత్తం ఆగిపోతుంది. డబ్బా తెరిచేటప్పుడు ఇనుప పనిముట్టుతో సెల్లు ఒళ్లు గీరకండి. ప్రతి సెల్లునూ మీటరుతో కొలవండి. 2 ఓల్టుల కంటే తక్కువున్నది రీసైక్లింగ్ డబ్బాలోకి, మరో ఆలోచన వద్దు. మిగిలినవాటిని 4.2 ఓల్టుల దగ్గర ఆగే సరైన చార్జరుతో, కళ్లముందు ఉంచుకుని నింపండి. చార్జి అవుతూ వేడెక్కినది పక్కకు. నిండాక తేదీ, ఓల్టేజీ సెల్లు మీదే రాసి రెండు వారాలు వదిలేయండి. 4.1కి అటూ ఇటూ నిలిచినవి పనికొస్తాయి, బాగా దిగిపోయినవి లోపల కారుతున్నాయి. కెపాసిటీ కూడా కొలిచి, ఒకే రకం, ఒకే కెపాసిటీవి జతచేసి టార్చి లైట్లు, ఎమర్జెన్సీ లైట్లు చేసేవాళ్లకు అమ్మొచ్చు. రక్షణ సర్క్యూటు లేకుండా విడి సెల్లులు ఇంటి వాడకానికి ఎవరికీ ఇవ్వకండి.

ఇన్వర్టరు బ్యాటరీని అసలు విప్పొద్దు. యాసిడ్ మోరీలో పోసి సీసం తీసేవాళ్లు తమ పిల్లల కాళ్ల కిందే విషం పోస్తున్నారు. కొత్త బ్యాటరీ కొన్నచోటే పాతది తీసుకుంటారు.

బోరు మోటారు స్టార్టరు, లోపలి వెండి

ఇది రాయలసీమవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సిన సరుకు. ఓల్టేజీ తగ్గినప్పుడు స్టార్టరులో కరెంటును కలిపి తెంపే కాంటాక్టరు గట్టిగా పట్టుకోలేక టకటకా కొట్టుకుంటుంది. ప్రతి దెబ్బకూ నిప్పురవ్వ లేస్తుంది, మొనలు మాడతాయి, కాయిలు కాలుతుంది. రైతుకు నీళ్లు ఆగకూడదు, కొత్త స్టార్టరు బిగించుకుంటాడు. పాతది వైండింగ్ అంగడి మూలలో ఇనుము తూకానికి పడి ఉంటుంది.

ఇక్కడా ముందు మొదటి ప్రశ్నే: బాగవుతుందా? కాయిలు కాళ్ల మధ్య మీటరు పెట్టండి. దారి తెగినట్టు చూపిస్తే కాయిలు పోయింది, అది విడిగా దొరుకుతుంది. కరెంటు ఎక్కువైతే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలే సర్దుబాటు మరను అటూ ఇటూ తిప్పి, రీసెట్ బటను నొక్కి, దాని కాంటాక్టు కలుస్తోందా చూడండి. పెట్టె, మీటర్లు, బటన్లు బాగుంటే కాయిలు వేసి మోటారు వైండింగ్ అంగడికే తిరిగి అమ్మొచ్చు. అమ్మే ముందు లోడు మీద నడిపి చూపించండి. మూడు ఫేజుల కరెంటుతో ఆ పరీక్ష ఎలక్ట్రీషియను పక్కన ఉన్నప్పుడే.

బాగుకాని కాంటాక్టరు మూత తీస్తే మూడు జతల రాగి లేదా ఇత్తడి పలకలు కనిపిస్తాయి. వాటి కొసల్లో కందిపప్పు బద్దంత, పెద్దవాటిలో చిక్కుడు గింజంత బిళ్లలు అతికి ఉంటాయి. పైకి నల్లగా, గుంటలు పడి, మసిలా ఉంటాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు. అంచున ఆకురాయి ఒక్కసారి ఆనిస్తే తెల్లగా మెరుస్తుంది, అయస్కాంతానికి అంటదు. అది వెండి మిశ్రమం. కరెంటును బాగా పోనిస్తుంది, తొందరగా అతుక్కుపోదు, అందుకే అక్కడ వాడతారు. పాతవాటిలో వెండితో పాటు కాడ్మియం ఉంటుంది, కాబట్టి గుర్తుపట్టడానికి ఒక్క గీత చాలు. పొడి రాలేలా రుద్దకండి, ఇంట్లో కరిగించనే వద్దు. బిళ్ల పక్కనే కటింగ్ ప్లయరుతో కత్తిరించి, వెనక కొద్దిపాటి రాగితో సహా సీసాలో పోగుచేసి, వెండి కాంటాక్టులు కొనేవాళ్లకు గ్రాముల లెక్కన ఇవ్వండి. స్టెబిలైజర్లు, యూపీఎస్‌లలోని రిలేల్లోనూ చిన్న చిన్న బిళ్లలుంటాయి.

లోహంగా అమ్మేటప్పుడు

కలిపి వేస్తే అన్నిటికీ తక్కువ ధరే కడతారు. ఇనుము కిలో పదుల్లో ఉంటే రాగి కిలో వందల్లో ఉంటుంది. అందుకే రాగి, ఇత్తడి, అల్యూమినియం, ఇనుము వేరువేరు గోతాల్లో ఉండాలి. మోటారు, ట్రాన్స్‌ఫార్మరు వైండింగ్ ఎర్రగా కనిపించినంత మాత్రాన రాగి అనుకోకండి. అల్యూమినియం తీగకు ఎర్రటి వార్నిషు గానీ, పలుచని రాగి పూత గానీ ఉండొచ్చు. బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా ఉంటే అల్యూమినియమే. చేతిలో బరువు కూడా చెబుతుంది, అదే సైజుకు రాగి మూడింతల కంటే ఎక్కువ బరువు.

తీగలను కాల్చవద్దు. పీవీసీ కాలితే యాసిడ్ పొగ, డయాక్సిన్లు వస్తాయి. పైగా మాడిన రాగికి ధర తక్కువ, ఒలిచిన మెరిసే రాగికి ఎక్కువ. చెక్కకు బ్లేడు బిగించి తీగను లాగితే సాయంత్రానికి గోతాం నిండుతుంది. పాత ఫ్రిజ్ కంప్రెసరు గొట్టం కోయకండి. లోపలి గ్యాసు కొత్తవాటిలో అంటుకునే రకం, పాతవాటిలో వాతావరణానికి చేటు చేసే రకం. దాన్ని పట్టి తీసే మిషను ఉన్నవాళ్లకే ఇవ్వండి.

బోర్డుల్లో ఫోను బోర్డులు, ర్యామ్‌లు పై రకం. కంప్యూటరు మదర్‌బోర్డులు వాటి తర్వాత. టీవీ, చార్జర్ల గోధుమరంగు బోర్డులు అన్నిటికంటే కింద. గోధుమరంగు బోర్డుల మీది అల్యూమినియం హీట్‌సింకులు, ట్రాన్స్‌ఫార్మర్లు తీసుకుని మిగతాది వేయండి. ఆకుపచ్చ మదర్‌బోర్డు మీది చిప్పులు పీకితే ధర పడిపోతుంది, ఉన్నదున్నట్టు ఇవ్వండి.

బంగారం సంగతి నన్ను అడగని రోజు లేదు. ఉంది, నిజమే. టన్ను ఫోన్లలో వందల గ్రాములు ఉంటుంది, గని రాతిలో టన్నుకు కొన్ని గ్రాములే. కానీ ఒక్క ఫోనులో ఉండేది 30 మిల్లీగ్రాముల చుట్టుపక్కల. మా జిల్లా జొన్నగిరి రాతిలో బంగారం ఉందని ఎవరూ ఇంటి రోట్లో దంచరు కదా. వీడియోలు చూసి నైట్రిక్ యాసిడ్ బకెట్లు పెట్టకండి. దాని గోధుమరంగు పొగ పీల్చిన గంటకు ఏమీ అనిపించదు, రాత్రికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మిగిలిన యాసిడ్ ఎక్కడ పోసినా చివరికి హంద్రికే చేరుతుంది.

ఎక్కడ అమ్మాలి

కర్నూలుకు ఉన్న వరం 44వ నంబరు జాతీయ రహదారి. పైకి పోతే హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ, కిందికి పోతే అనంతపురం మీదుగా బెంగళూరు ఎస్పీ రోడ్డు. విడిభాగాల ధరలు రెండు చోట్లా కనుక్కోండి, తేడా ఉంటుంది. పరీక్షించిన బోర్డులను బుడగల కవరు చుట్టి ఆర్టీసీ కార్గోలో వేస్తే సరిపోతుంది.

చివరికి మిగిలేవి, అంటే ఖాళీ బోర్డులు, చచ్చిన సెల్లులు, పిక్చరు ట్యూబులు, పాదరసం ఉండే ట్యూబులైట్లు, రిజిస్టర్డ్ రీసైక్లరుకే చేరాలి. ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు 2022లో వచ్చి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. రీసైక్లర్లు, బాగుచేసి అమ్మే రీఫర్బిషర్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్లో రిజిస్టరు కావాలి. బ్యాటరీలకు విడిగా 2022 నియమాలున్నాయి. మీరు దీన్నే వృత్తిగా పెట్టుకుంటే రీఫర్బిషరుగా రిజిస్ట్రేషను సంగతి ముందే కనుక్కోండి. సరుకు ఇచ్చేటప్పుడు వాళ్ల సర్టిఫికెట్టు చూడండి, తూకం చీటీ తీసుకోండి. నాలాంటి చిన్నవాళ్లు ముగ్గురు నలుగురు కలిసి ఒక గోడౌనులో నింపితే వాళ్లే బండి పంపుతారు.

పుస్తకంలో కొన్న ధర, పడ్డ ఖర్చు, అమ్మిన ధర అందరూ రాస్తారు. పట్టిన గంటలు అని ఇంకో గడి పెట్టండి. నా పుస్తకంలో ఒక 32 అంగుళాల టీవీ: కొన్నది 400, పట్టీలు 450, అమ్మింది 3,200, మూడు గంటలు. దాని కిందనే మొబైలు చార్జర్లు ఒక గోతాం: విప్పడానికి రోజంతా, వచ్చిన రాగి గుప్పెడు. ఆ వరస రాసిన రోజు నుంచి చార్జర్లను విప్పడం మానేశాను. పనిచేసేవి ఏరి విడిగా పెడతాను, చచ్చినవి గోతాంతో సహా రీసైక్లరు బండి ఎక్కుతాయి.